జీమ్యాట్ కొత్త ఫార్మాట్ రివ్యూ: లెక్కలు బాగా వస్తే సరిపోతుందా?

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఎంబీఏ సీటు కోసం రాసే ఒక పరీక్ష ఉంది. జీమ్యాట్. పరీక్షకి రివ్యూ ఏంటని నవ్వుకుంటున్నారా? వేలకి వేలు ఫీజు తీసుకుని, నెలల తరబడి మన సాయంత్రాలు తినేసేది ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు నాలుగు వైపులా తిప్పి చూసుకోవాలి కదా.

సంబంధం లేనివాళ్ల టైమ్ వేస్ట్ కాకుండా, ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తాను. తెలంగాణలోనో ఆంధ్రాలోనో యూనివర్సిటీ కాలేజీల్లో ఎంబీఏ చేద్దామనుకుంటే మీకు కావాల్సింది ఐసెట్. వెయ్యి రూపాయల లోపు ఫీజు, నెగెటివ్ మార్కులు లేవు, హాయిగా రాసుకోండి. ఐఐఎంలలో రెండేళ్ల ఎంబీఏ, మన విశాఖపట్నం ఐఐఎంతో సహా, అయితే క్యాట్. కొన్నేళ్లు ఉద్యోగం చేశాక గచ్చిబౌలిలో ఉన్న బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీకో, ఐఐఎంలు నడిపే ఏడాది కోర్సులకో, అమెరికాకో యూరప్‌కో వెళ్దామన్న ఆలోచన ఉంటే అప్పుడు జీమ్యాట్ లెక్కలోకి వస్తుంది. ఐఎస్‌బీ జీఆర్ఈ అనే ఇంకో పరీక్ష స్కోరు కూడా తీసుకుంటుంది, కాబట్టి ఆ స్కోరు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు కంగారుపడి దీనికి కూడా డబ్బు కట్టేయకండి.

క్యాట్‌తో పోలిస్తే దీనికి పెద్ద ప్లస్ ఒకటుంది. క్యాట్ ఏడాదికి ఒక్కసారే, నవంబర్ చివర్లో. ఆరోజు మీకు వైరల్ ఫీవర్ వస్తే మళ్లీ ఏడాది ఆగాలి. వచ్చిన స్కోరు కూడా ఆ ఏడాది అడ్మిషన్లకే. జీమ్యాట్ మీకు వీలైన రోజు బుక్ చేసుకోవచ్చు, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. నచ్చకపోతే 16 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఏడాదిలో ఐదుసార్ల దాకా. ఐదుసార్లు రాయమని నేను చెప్పడం లేదు, ప్రతిసారీ ఫీజు మొత్తం కట్టాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. 2023 నవంబర్‌లో ఈ పరీక్ష మారిపోయింది. 2024 జనవరి చివరితో పాతది పూర్తిగా ఆగిపోయింది. కానీ మన దగ్గర సలహాలు మాత్రం ఇంకా పాత పరీక్షకే నడుస్తున్నాయి. ఆఫీసులో సీనియర్ అన్నని అడిగితే "ఏడొందలు దాటకపోతే అప్లై చెయ్యడమే దండగ" అంటాడు. ఆ ఏడొందలు పాత స్కేలు మీద లెక్క, అది 200 నుంచి 800 దాకా ఉండేది. కొత్త స్కేలు 205 నుంచి 805. ప్రతి స్కోరు చివర 5 ఉంటుంది, అదే గుర్తు. పరీక్ష పెట్టేవాళ్లే ఇచ్చిన పట్టిక ప్రకారం పాత 700కి కొత్తలో సమానం దాదాపు 645. అంటే ఈరోజు 655 తెచ్చుకుని, ఏడొందలు రాలేదని ఏడుస్తూ కూర్చున్నవాళ్లు నిజానికి అన్నయ్య చెప్పిన గీత ఎప్పుడో దాటేశారు. కామెంట్లలో ఇలాంటివాళ్లు వారానికి ఒకరైనా కనిపిస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పుస్తకాల సంగతీ అంతే. కోఠిలో సెకండ్ హ్యాండ్ షాపుల్లో జీమ్యాట్ అని కనిపించిన ప్రతిదీ కొనకండి. సెంటెన్స్ కరెక్షన్, అంటే ఆ గ్రామర్ ప్రశ్నలు, తీసేశారు. వ్యాసం రాయడం తీసేశారు. త్రిభుజాలు, వృత్తాల జామెట్రీ కూడా పోయింది. పాత పుస్తకంలో గ్రామర్ భాగమే బండెడు ఉంటుంది. ఆ పేజీలకి పెట్టిన డబ్బు వృథా, చదివిన టైమ్ అంతకన్నా వృథా.

మరి ఏం మిగిలింది? మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. క్వాంట్‌లో, అంటే లెక్కల్లో, 21 ప్రశ్నలు, వెర్బల్‌లో, అంటే ఇంగ్లిష్‌లో, 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. మొత్తం 64 ప్రశ్నలు, రెండుంబావు గంటలు. ఏ సెక్షన్ ముందు రాయాలో మీ ఇష్టం. మధ్యలో పది నిమిషాల బ్రేక్ ఒకటి తీసుకోవచ్చు. ముఖ్యమైనది ఏంటంటే, మొత్తం స్కోరులో మూడింటికీ సమాన వాటా. మన ఇంజనీర్లకి దెబ్బ పడేది ఇక్కడే. క్వాంట్‌లో దంచేసి మిగతావి ఎలాగోలా లాగేద్దాం అనే ప్లాన్ ఇక పారదు. పైగా క్వాంట్‌లో మనతో పోటీ పడేవాళ్లందరూ లెక్కల్లో చెయ్యి తిరిగినవాళ్లే, అందుకే ఒకటి రెండు తప్పులకే పర్సెంటైల్ జారిపోతుంది.

డేటా ఇన్‌సైట్స్ మీద కాస్త ఆగుదాం, నాకు ఈ పరీక్షలో బాగా నచ్చిన భాగం ఇదే. ఇందులో ఐదు రకాల ప్రశ్నలుంటాయి. వాటిలో డేటా సఫిషియెన్సీ ఐసెట్ రాసినవాళ్లకి కొత్తేమీ కాదు. సమాధానం కనుక్కోమని అడగరు. ఇచ్చిన సమాచారంతో సమాధానం దొరుకుతుందా లేదా అని అడుగుతారు. స్క్రీన్ మీద నేను తయారుచేసిన ప్రశ్న ఒకటి పెడుతున్నాను, వీడియో ఆపి మీరు ప్రయత్నించండి.

పెన్ను 7 రూపాయలు, నోట్‌బుక్ 18 రూపాయలు. ఒకతను కొన్ని పెన్నులు, కొన్ని నోట్‌బుక్‌లు కొన్నాడు. పెన్నులు ఎన్ని? మొదటి స్టేట్‌మెంట్: మొత్తం బిల్లు 100 రూపాయలు. రెండో స్టేట్‌మెంట్: పెన్నులు, నోట్‌బుక్‌లు కలిపి 8.

ఆపారా? సరే. మనలో పదిమందిలో తొమ్మిదిమంది చేతులు ఎలా కదులుతాయో నాకు తెలుసు. రెండు తెలియని సంఖ్యలు, రెండు సమీకరణాలు, కాబట్టి రెండూ కలిపితేనే సమాధానం. ఇంటర్‌లో వేలసార్లు చేసిన పని కదా. కానీ సగం పెన్ను ఎవరూ కొనరు. బిల్లు 100 అన్నప్పుడు నోట్‌బుక్‌లు ఒకటి అయితే 82 మిగులుతుంది, అది 7తో భాగం పోదు. రెండైతే 64, పోదు. మూడైతే 46, పోదు. నాలుగైతే 28, పోయింది, నాలుగు పెన్నులు. ఐదైతే 10, పోదు. ఇంకో దారే లేదు. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. రెండోది మీ చేత తప్పు పెట్టించడానికే ఉంది. సమీకరణం రాయడానికి ముందు ఒక్క క్షణం ఆగి, వస్తువులు ఎప్పుడూ పూర్ణసంఖ్యల్లోనే ఉంటాయని గుర్తు తెచ్చుకున్నవాడికే మార్కు.

ఈ సెక్షన్‌లో మిగతావి టేబుల్స్, గ్రాఫులు, మూడేసి ట్యాబుల్లో ఈమెయిళ్లు, నోట్లు. రోజంతా ఎక్సెల్‌తో కుస్తీ పట్టేవాళ్లకి ఇది ఆఫీసులాగే ఉంటుంది. స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు. క్వాంట్‌లో ఇవ్వరు, ఇక్కడ మాత్రమే. ఒక చిక్కుంది. కొన్ని ప్రశ్నల్లో మూడు చిన్న ప్రశ్నలు కలిపి ఉంటాయి, మూడూ కరెక్ట్ అయితేనే మార్కు. రెండు కరెక్ట్ చేసి ఒకటి తప్పితే సున్నానే. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కానీ రూల్ రూలే.

వెర్బల్‌లో ఇప్పుడు రెండే ఉన్నాయి, ప్యాసేజీలు చదివి జవాబివ్వడం, క్రిటికల్ రీజనింగ్, అంటే ఒక వాదన ఎంత గట్టిదో తేల్చడం. మాది తెలుగు మీడియం, ఇంగ్లిష్ రాదు అని భయపడేవాళ్లకి నేను చెప్పేది, గ్రామర్ పోవడం మీకు వరం. ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఇంగ్లిష్ కన్నా మన లోకజ్ఞానమే. చూడండి, ఒక వాదన: "మెట్రో వచ్చాక ఆ రూట్‌లో బస్సు ఎక్కేవాళ్ల సంఖ్య తగ్గలేదు. కాబట్టి మెట్రో వల్ల రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గలేదు." దీన్ని బలహీనపరిచేది ఏది? ఒక ఆప్షన్, మెట్రో టికెట్ బస్సు టికెట్ కన్నా ఖరీదు. ఇంకోటి, మెట్రో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు సొంత బండ్ల మీద వెళ్లేవాళ్లు. అమీర్‌పేట స్టేషన్‌లో రోజూ రైలు మారేవాళ్లు మొదటిది చూడగానే "అవును, నిజమే" అని టిక్ పెట్టేస్తారు. నిజమే, కానీ ఆ వాదనకి దానితో పనేంటి? రెండోదే జవాబు. బస్సులు ఖాళీ కాకపోయినా బైకులు, కార్లు తగ్గి ఉండొచ్చు. ఈ ఒక్క తేడా పట్టుబడితే వెర్బల్ మీద సగం భయం పోతుంది.

ఇక నా అసలు అభిప్రాయం. మనల్ని ఈ పరీక్షలో ముంచేది ఎంసెట్ అలవాటు. మొదలుపెట్టిన లెక్క తేలేదాకా వదలకపోవడం, రానివి వదిలేసి చివర్లో గుడ్డిగా బబుల్స్ నింపడం. ఇక్కడ రెండూ కుదరవు. జవాబు పెట్టకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్లనివ్వదు. మీరు పెట్టే జవాబుని బట్టి తర్వాత వచ్చే ప్రశ్న కష్టమో తేలికో మారుతుంది. సెక్షన్ పూర్తి చెయ్యకపోతే స్కోరు కోస్తారు. ఒక ప్రశ్నకి సగటున రెండు నిమిషాలు. మూడో నిమిషంలో కూడా దారి దొరక్కపోతే ఏదో ఒకటి నొక్కి బుక్‌మార్క్ పెట్టి ముందుకి వెళ్లిపోవాలి. "మొదటి పది ప్రశ్నలకి ప్రాణం పెట్టండి" అనే సలహా వింటుంటారు. అక్కడ ప్రాణంతో పాటు టైమ్ కూడా పెట్టేస్తే చివరి నాలుగు ప్రశ్నలకి దిక్కుండదు.

ఇక్కడే కొత్త ఫార్మాట్‌లో మంచి మార్పు ఒకటి తెచ్చారు. సెక్షన్ చివర్లో టైమ్ మిగిలితే వెనక్కి వెళ్లి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. పాత పరీక్షలో ఈ అవకాశం లేదు. చాలామంది దీన్ని తప్పులు దిద్దుకునే సౌకర్యం అనుకుంటారు. నా లెక్కలో దీని అసలు ఉపయోగం వదిలేసే ధైర్యం ఇవ్వడం. మళ్లీ చూసుకోవచ్చులే అనుకుంటే చెయ్యి తేలిగ్గా ముందుకి కదులుతుంది. నిజంగా మార్చేటప్పుడు మాత్రం కొత్త కారణం ఏదైనా తడితేనే మార్చండి, ఊరికే అనుమానంతో మార్చకండి.

ప్రిపరేషన్ గురించి తక్కువే చెబుతాను. ఎంబీఏ డాట్ కామ్‌లో అఫీషియల్ మాక్ టెస్టులు రెండు ఉచితం. అసలు పరీక్షలాగే నడుస్తాయి, స్కోరు కూడా నమ్మొచ్చు. వాటిని మొదటి వారంలోనే రెండూ ఊదేయకండి. ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. బయటి కంపెనీల మాకులు ప్రాక్టీసుకి పనికొస్తాయి, కానీ వాటి స్కోరు చూసి గంతులెయ్యకండి, మంచం కూడా పట్టకండి. కోచింగ్ కావాలా అంటే, ఆరింటికి లాగౌట్ అయ్యి కూర్చుని చదివే క్రమశిక్షణ ఉంటే అక్కర్లేదు. లేకపోతే, మెటీరియల్ కోసం కాకపోయినా ఆ టైమ్‌టేబుల్ కోసం చేరండి. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ "ఎందుకు తప్పు పోయింది" అని ఒక్క లైను రాసుకునే నోట్‌బుక్ మాత్రం తప్పనిసరి. "సిల్లీ మిస్టేక్" అని రాస్తే కుదరదు. 'పూర్ణసంఖ్య అని మర్చిపోయాను' అని రాయాలి.

ఎక్కడ రాయాలి? ఇంటి నుంచి రాసే వెర్షన్ ఉంది, సెంటర్ వెర్షన్ ఉంది. నా ఓటు సెంటర్‌కే. ఇంట్లో రాస్తే గదంతా కెమెరాలో చూపించాలి, పరీక్ష మధ్యలో గదిలోకి ఎవరూ రాకూడదు. మన ఇళ్లలో కాలింగ్ బెల్లు, కుక్కర్ విజిల్, "టిఫిన్ చేశావా" అని తలుపు తీసే అమ్మ, వీటన్నిటికీ గ్యారంటీ ఎవరిస్తారు? సెంటర్‌కి ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి, దాని మీద పేరు ఎలా ఉందో రిజిస్ట్రేషన్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకి మామూలే కదా, అది బుకింగ్ రోజే తేల్చుకోండి. ఫోను, వాచీ, పర్సు అన్నీ లాకర్‌లో. అరచేయి స్కాన్ చేస్తారు. రఫ్ వర్క్‌కి కాగితం ఇవ్వరు, ప్లాస్టిక్ పూత ఉన్న షీట్ల ప్యాడ్, మార్కర్ ఇస్తారు. ఆ మార్కర్ కాస్త మందంగా రాస్తుంది, పెన్నుతో చిన్నచిన్న అంకెలు వేసే అలవాటుంటే పేజీ ఇట్టే నిండిపోతుంది. ఇంట్లో మాక్ రాసేటప్పుడే మార్కర్‌తో ప్రాక్టీస్ చెయ్యండి.

రేటింగ్ ఇమ్మంటే, పరీక్షగా ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక పాయింట్ కోత ఫీజుకి, ఆ మూడింట్లో ఒకటి తప్పితే సున్నా అనే రూలుకి.

చివరగా, రాసిన రోజు మర్చిపోకూడని విషయం ఒకటి. పరీక్ష అయిపోగానే స్క్రీన్ మీద స్కోరు కనిపిస్తుంది, అఫీషియల్ స్కోరు కొద్దిరోజుల్లో వస్తుంది. పాత పద్ధతిలో కాలేజీల పేర్లు పరీక్షకి ముందే ఇవ్వాలి. ఇప్పుడు స్కోరు చూశాకే ఏ కాలేజీకి పంపాలో మీరు తేల్చుకోవచ్చు. సెంటర్‌లో రాసినవాళ్లు అఫీషియల్ స్కోరు వచ్చాక 48 గంటల్లోపు ఐదు కాలేజీల దాకా ఉచితంగా పంపొచ్చు. ఆ తర్వాత పంపే ప్రతిదానికీ డబ్బు కట్టాలి. కాబట్టి ఆ ఐదు పేర్లూ పరీక్షకి ముందే ఎక్కడైనా రాసి పెట్టుకోండి, పార్టీలు తర్వాత చేసుకుందురు గాని.