పాత స్టీల్ సైకిల్ ఫ్రేమ్ వెడల్పు చేయడానికి థ్రెడెడ్ రాడ్ మంచిదా, చెక్క మంచిదా?

నమస్కారం. 1970లలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ వంటి పాత స్టీల్ ఫ్రేమ్‌కు కొత్త వెనుక చక్రం బిగించాలంటే ముందుగా చూడవలసింది డ్రాపౌట్ల (ఫ్రేమ్ వెనుక కొనల్లో చక్రం ఇరుసు కూర్చునే గాడులున్న ముక్కలు) మధ్య దూరం. ఐదు స్పీడ్ ఫ్రీవీల్ (వెనుక హబ్‌పై మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి) కాలంలో అది సుమారు 120 మిల్లీమీటర్లు ఉండేది. ఆరు, ఏడు స్పీడ్‌లకు 126 అయింది. ఎనిమిది స్పీడ్‌తో రోడ్డు సైకిళ్లలో 130కి చేరింది.

చక్రం తీసేసి, డ్రాపౌట్ల లోపలి ముఖాల మధ్య వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. గాడి ముందు భాగంలో ఒకసారి, వెనుక భాగంలో మరొకసారి కొలిచినప్పుడు అంకెలు వేరుగా వస్తే, డ్రాపౌట్లు సమాంతరంగా లేవన్నమాట. హబ్‌ను (చక్రం మధ్య భాగాన్ని) మాత్రం ఇరుసుకు ఇరువైపులా ఉండే రెండు లాక్‌నట్ల బయటి ముఖాల మధ్య కొలవాలి.

వెడల్పు చేయడానికి చాలామంది వాడే థ్రెడెడ్ రాడ్ (పొడవునా మరలున్న కడ్డీ) చవకైనది, వాడటం తేలిక. నట్లు తిప్పుతూ ఉంటే డ్రాపౌట్లు విడిపోతాయి. అయితే రాడ్ రెండు పక్కలనూ ఒకే బలంతో నెడుతుంది కాబట్టి, మెత్తగా ఉన్న పక్క ఎక్కువ వంగి, గట్టిగా ఉన్న పక్క దాదాపు కదలకుండా ఉండిపోవచ్చు. కాలిపర్‌లో 126 కనిపిస్తుంది, చక్రం మాత్రం ఫ్రేమ్ మధ్యలో కూర్చోదు. అందుకే నేను దీనికి మార్కులు వేయలేను.

పొడవాటి చెక్కతో పని మొరటుగా కనిపించినా, ఒక్కో పక్కను విడిగా వంచవచ్చు. చెక్క కొనకు గుడ్డ చుట్టి సీట్ ట్యూబ్‌కు (సీటు కింది నిలువు గొట్టానికి) ఆనించి, డ్రాపౌట్ దగ్గర లోపలి నుంచి బయటికి నొక్కండి. స్టీల్ వెనక్కి వచ్చేస్తుంది కనుక, 120ని 126 చేయడానికి ఒక్కో పక్క 3 మిల్లీమీటర్లు నిలవాలంటే అంతకంటే చాలా ఎక్కువే నొక్కవలసి ఉంటుంది. తొందరపడకుండా, నొక్కిన ప్రతిసారీ కొలవండి. ఒక డ్రాపౌట్ నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ముందుండే గొట్టం) చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కు దారం బిగించి కట్టి, సీట్ ట్యూబ్‌కూ దారానికీ మధ్య ఖాళీని ఇరువైపులా చూడండి. రెండూ సమానమైతేనే ఫ్రేమ్ సూటిగా ఉన్నట్టు. ఈ పరీక్షకు ఖర్చయ్యేది ఒక దారం ముక్కే, అయినా దుకాణాల్లో కూడా దీన్ని దాటవేసేవారు ఉన్నారు.

126 ఫ్రేమ్‌లో 130 హబ్ పెట్టేవారు చేత్తో కాస్త విడదీసి చక్రం దూర్చినా నడుస్తుంది. నాకైతే దానిలో పెద్ద అభ్యంతరం లేదు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేమ్‌లను మాత్రం ఏ పద్ధతిలోనూ వంచకండి, అవి పగులుతాయి.

వెడల్పు కుదిరాక డ్రాపౌట్లు కొద్దిగా బయటికి తిరిగి ఉంటాయి. అలైన్‌మెంట్ గేజ్‌తో వాటిని మళ్లీ సమాంతరం చేయకపోతే, ఫ్రీవీల్ హబ్‌లో యాక్సిల్ వంగిపోయే, విరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాతే డెరైలర్ హ్యాంగర్‌ను (గేర్లు మార్చే పరికరం బిగించే కొక్కేన్ని) సరిచూసి చక్రం ఎక్కించండి.