ఎమ్మాన్యుయెల్ రివా ఎక్కడికీ వెళ్లలేదు

నమస్తే అండీ. 2013 ఫిబ్రవరి 24, ఆస్కార్ వేడుక. ఉత్తమ నటి నామినీల్లో తొమ్మిదేళ్ల క్వెంజనే వాలిస్ ఉంది, సరిగ్గా ఆ రోజే 86 నిండిన ఫ్రెంచ్ నటి ఎమ్మాన్యుయెల్ రివా ఉన్నారు. అంతకుముందు ఆ విభాగంలో అంత చిన్నవాళ్లూ లేరు, అంత పెద్దవాళ్లూ లేరు. అవార్డు జెన్నిఫర్ లారెన్స్‌కి వెళ్లింది. రివా గురించి మాత్రం ఒకటే మాట వినిపించింది: యాభై ఏళ్ల తర్వాత కమ్‌బ్యాక్ అని. ఆ మాట నేను ఒప్పుకోను.

ఆవిడ బట్టలు కుట్టే పని చేస్తూ, నటన మీద ఇష్టంతో పారిస్ వచ్చారు. 1959లో అలాన్ రెనే తీసిన 'హిరోషిమా మోన్ అమూర్'తో ప్రపంచానికి తెలిశారు. యుద్ధకాలంలో జర్మన్ సైనికుణ్ణి ప్రేమించినందుకు ఊరివాళ్లు జుట్టు కత్తిరిస్తే, ఇంటివాళ్లు నేలమాళిగలో దాచిన అమ్మాయి పాత్ర అది. ఏళ్ల తర్వాత హిరోషిమాలో ఒక జపాన్ అతనికి ఆ సంగతి చెప్తుంటే, ఆ ముఖంలో పాత ప్రేమా, పాత పిచ్చీ రెండూ కనిపిస్తాయి. షూటింగ్‌కి వెళ్లినప్పుడు ఆవిడ ఆ ఊరి వీధుల్లో తీసిన ఫొటోలు కూడా తర్వాత పుస్తకంగా వచ్చాయి.

1962లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. ఇక స్టార్ అయిపోవచ్చు. కానీ నచ్చని పాత్రలు వద్దనుకుని, ఎక్కువగా నాటకాలు చేశారు, కవిత్వం రాశారు. సినిమాల్లో చిన్న పాత్రలు వేస్తూనే ఉన్నారు. స్టార్ కాకపోతే మాయమైపోయినట్టేనా?

ఇక ఆ ఆస్కార్ నామినేషన్ తెచ్చిన సినిమా, మిషెల్ హనెకె తీసిన 'అమూర్', 2012. వంటగదిలో బల్ల దగ్గర భార్య (రివా) ఉన్నట్టుండి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతుంది. భర్తగా జాన్ లూయీ త్రాంతిన్యాఁ తడిగుడ్డతో ముఖం తుడిచినా కదలదు. అతను పక్క గదిలోకి వెళ్లాక, తెరిచి వదిలేసిన కుళాయి చప్పుడు ఆగిపోతుంది. తిరిగొస్తే ఆవిడ మామూలుగా మాట్లాడుతుంది, ఏం జరిగిందో గుర్తే లేదు. కాసేపటికి టీ పోస్తే కప్పులో పడదు. ఏడుపు లేదు, పెద్ద డైలాగ్ లేదు. చూస్తున్న మనకి మాత్రం గుండె జారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకి పక్షవాతం వచ్చినవాళ్లు ఈ సీన్ చూడటం కష్టం, ముందే చెప్తున్నా.

దీనికి ఆవిడకి 2013లో బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా, ఫ్రాన్స్ సినిమా అవార్డు సీజర్ రెండూ వచ్చాయి. మరుసటి ఏడాది, 2014లో, పారిస్‌లో మళ్లీ స్టేజీ ఎక్కారు. అది 'హిరోషిమా' స్క్రిప్ట్ రాసిన మార్గరీత్ ద్యురా నాటకమే. 2017 జనవరిలో చనిపోయేనాటికి, ఆవిడ నటించిన ఇంకో సినిమా ఫ్రాన్స్‌లో విడుదలకి సిద్ధంగా ఉంది.