"28 వేలే తిరిగిందన్నా, తీసుకోవచ్చా?" | వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ కారు ఎలా చూడాలి

మెసేజ్‌లు పెట్టేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, 2016 స్విఫ్ట్, 28 వేలే తిరిగింది, సింగిల్ ఓనర్, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చా?" కళ్ళు మూసుకుంటే ఎలాగండీ, డబ్బు మీది కదా! ఎన్ని కిలోమీటర్లో చెప్తారు, సీటు కవర్ల రంగు కూడా చెప్తారు, ఆ బండిని ఇన్నేళ్ళూ ఎక్కడ పెట్టేవారో మాత్రం ఎవరూ చెప్పరు. అసలు అడిగే ఉండరు. వైజాగ్‌లో మొదట అడగాల్సింది అదే.

సరే, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వంజరం కొంటున్నారనుకోండి. పైన మెరుపు చూసి డబ్బులిచ్చేస్తారా? ఇవ్వరు. మొప్ప ఎత్తుతారు. ఎర్రగా ఉంటే సంచిలోకి, రంగు తిరిగితే పక్కకి. నీళ్ళు చల్లితే ఏ చేపైనా మెరుస్తుంది, పాలిష్ కొట్టిస్తే ఏ కారైనా మెరుస్తుంది. కారుకీ మొప్పలుంటాయి, ఇవాళ అవే చూపిస్తాను.

ఇప్పుడు రెండు బండ్లు ఉన్నాయనుకోండి, రెండూ 2017వే. ఒకటి బీచ్ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్‌లో, షెడ్డు లేకుండా ఆరుబయట, ఆదివారం తప్ప కదలదు, 28 వేలు. రెండోది రోజూ అనకాపల్లి అప్ అండ్ డౌన్, హైవే మీదే, 90 వేలు. నేనైతే రెండోదాన్ని ముందు చూస్తాను. సముద్రం గాలిలో ఉప్పు ఉంటుంది, అది బాడీ మీద, కింద, సందుల్లో కూర్చుంటుంది, ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, తేమా ఉప్పూ కలిస్తే ఇనుముకి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. నిలబెట్టేసిన బండికి బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, హ్యాండ్ బ్రేక్ పట్టేస్తుంది, టైర్లు గట్టిబడతాయి, బ్యాటరీ చస్తుంది. ఇవేవీ మీటర్‌లో కనబడవు. మీటర్ తిప్పేయడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు కదా, కాబట్టి ఆ 28 వేలు కూడా కంపెనీ సర్వీస్ హిస్టరీలో ఉంటేనే నమ్మండి. మీటర్ 28 అంటుంటే క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే... మీకే అర్థమవుతుంది.

(కెమెరా బండి కిందకి)

మొదటి మొప్ప ఇది, అడుగు భాగం. రోడ్డు మీద వంగి చూస్తే ఏమీ కనబడదు. ఓనర్‌ని ఒప్పించి ఏదైనా వాటర్ సర్వీసింగ్ షాపులో లిఫ్ట్ ఎక్కించండి, వాష్ డబ్బులు మీరే ఇవ్వండి, లక్షలు పెట్టే పనికి ఆ ఖర్చు లెక్కే కాదు. రన్నింగ్ బోర్డు అంచులు, వీల్ ఆర్చ్‌ల లోపల, సస్పెన్షన్ బిగించే చోటు చూడండి. పైపైన ఎర్రగా ఉంటే పర్లేదు, సముద్రం పక్కన ఊరు, ఆ మాత్రం ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు పొలుసులుగా రాలితే మాత్రం వదిలేయండి. ఇంకోటి, ఎనిమిదేళ్ళ బండికి అడుగంతా నిగనిగలాడే కొత్త నల్ల కోటింగ్ ఉంటే సంతోషపడకండి, అది చేప మీద చల్లిన నీళ్ళే. కింద ఏముందో దాచడానికి కొట్టి ఉండొచ్చు.

పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి తలుపుల కింద అంచుల మీద నడిపించండి, పట్టు తప్పిన చోట సొట్టలు పూడ్చే పుట్టీ ఉన్నట్టు. 2014కి ముందు బండి అయితే రూఫ్ మీద కూడా. హుద్‌హుద్ తుఫానుకి ఊళ్ళో ఎన్ని కార్ల మీద చెట్లు పడ్డాయో వైజాగ్ వాళ్ళకి నేను చెప్పాలా!

రెండో మొప్ప, నీళ్ళు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి, ఇళ్ళ ముందున్న కార్లూ మునిగాయి. శుభ్రం చేసిన మునిగిన బండి ఏ ఊళ్ళోనైనా అమ్మకానికి రావచ్చు. ఒకప్పుడు ఏపీ 31 అంటే మన బండి, 16 అంటే కృష్ణా జిల్లా అని నంబర్ చూస్తే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా 39 సిరీస్ వచ్చాక ఆ సుఖం పోయింది, అందుకే ఆర్‌సీలో ఏ ఆర్టీఓ, ఏ అడ్రసు అన్నది చదవండి. తర్వాత సీటు బెల్టుని చివరిదాకా, పూర్తిగా బయటికి లాగండి. సీట్లు కడుగుతారు, మ్యాట్లు మారుస్తారు, బెల్టు చివర లోపలికి చుట్టుకున్న ఆ జానెడు ముక్క మాత్రం చాలామందికి గుర్తుండదు. బురద మరక అక్కడ గీతలా ఉండిపోతుంది. స్టెప్నీ తీసి ఆ గుంటలో కూడా వేలు పెట్టి చూడండి. ఏసీ వేసి వాసన చూడండి, చేపకైనా కారుకైనా ముక్కు అబద్ధం చెప్పదు. కారులో సెంటు మరీ ఘాటుగా కొట్టారంటే నాకైతే అనుమానమే.

టైమ్ అయిపోతోంది, ఇక గబగబా. మీరు వెళ్ళేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి, బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు రండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. టెస్ట్ డ్రైవ్ బీచ్ రోడ్డు మీద చేస్తే ఏం తెలుస్తుంది, సింహాచలం ఘాట్ ఎక్కించండి, ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయింది. టైరు మీద నాలుగంకెలుంటాయి, 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైంది.

ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. "కొత్తది ఇంత ఉందండీ" అని పాత రేటు చెప్పి బేరమాడేవాళ్ళుంటే ఇవాళ్టి ఆన్ రోడ్ ధర ఫోన్‌లో తీసి చూపించండి. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళే నేవీ వాళ్ళ బండ్లు మన ఊళ్ళో మంచి బేరం, వాళ్ళకి తొందర ఉంటుంది. కాకపోతే చాలావాటికి బయటి రాష్ట్రం నంబరుంటుంది, అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అది లెక్కలో వేసుకోకుండా చవక అనుకోకండి.

కాగితాలు: బండి పేరు మార్పుకి ఫారం 29, 30, లోన్ ఉండి తీరిపోతే ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడానికి 35, బ్యాంకు ఎన్ఓసీ. చలానాలు ఆన్‌లైన్‌లో చూడండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చడానికి రాయాలి, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనర్‌దే, మీకు రాదు. అమ్మేవాళ్ళకి కూడా ఒక ముక్క: ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంతకాలం యాక్సిడెంట్ నష్టపరిహారం మీ మెడకే, 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. అందుకని తాళాలు చేతులు మారేటప్పుడు తేదీ, టైమ్ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, ఆ టైమ్‌కి ముందు చలానాలు అమ్మినవాళ్ళవి, తర్వాతవి కొన్నవాళ్ళవి.