ఎంవీపీ అయినా మేజర్ లీగ్ పిలవలేదు: రే డాండ్రిడ్జ్ కథ

[స్క్రీన్ మీద: మినియాపొలిస్, మే 1951]

మినియాపొలిస్ మిల్లర్స్ అనే బేస్‌బాల్ టీమ్‌లోని నల్లజాతి ఆటగాళ్లలో ఇద్దరి సంగతి ఇది. ఒకరికి 20 ఏళ్లు, ఇంకొకరికి 37. అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టు అయిన మేజర్ లీగ్‌లోని పెద్ద టీమ్ న్యూయార్క్ జెయింట్స్ నుంచి పిలుపు వచ్చింది. వెళ్లింది కుర్రాడు. అతనే విల్లీ మేస్, తర్వాత 660 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టినవాడు. రెండో ఆయన అంతకు ముందు ఏడాదే మిల్లర్స్ ఆడే కింది స్థాయి లీగ్ మొత్తానికీ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు. పేరు రే డాండ్రిడ్జ్. ఆయనకు ఆ పిలుపు ఎప్పటికీ రాలేదు.

[గ్రాఫిక్: బేస్‌బాల్ మైదానం, థర్డ్ బేస్ దగ్గర ఎర్ర చుక్క]

ముందు ఆయన పని ఏంటో చూద్దాం. డాండ్రిడ్జ్ థర్డ్ బేస్‌మన్, అంటే పరుగు కోసం బ్యాటర్ వరసగా తాకాల్సిన మజిలీల్లో మూడో దాని దగ్గర కాపు కాసేవాడు. బ్యాటర్ నిలబడే చోటు నుంచి థర్డ్ బేస్ 90 అడుగులు, అంటే 27 మీటర్లు. కుడిచేతి బ్యాటర్ గట్టిగా లాగి కొడితే బంతి నేరుగా అటే వస్తుంది. మన క్రికెట్‌లో షార్ట్ లెగ్‌లో నిలబడేవాడికి ఉండే టెన్షనే ఇక్కడా. ఆపితే సరిపోదు, వెంటనే మైదానం అవతలి వైపు ఫస్ట్ బేస్‌కి గురి తప్పకుండా విసరాలి. అందుకే ఆ చోటుని హాట్ కార్నర్ అంటారు.

డాండ్రిడ్జ్ పొట్టి మనిషి, 5 అడుగుల 7 అంగుళాలు. దానికి తోడు దొడ్డికాళ్లు. ఆ కాళ్ల మధ్య నుంచి రైలు దూరిపోతుందేమో గానీ బంతి మాత్రం దూరదని అప్పట్లో జోక్.

1913లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టాడు. 1933లో డెట్రాయిట్ స్టార్స్‌తో నీగ్రో లీగ్స్‌లో అడుగుపెట్టాడు. ఈ లీగ్స్ ఎందుకు పుట్టాయంటే, 1880ల నుంచీ మేజర్ లీగ్‌లో నల్లజాతివాళ్లకి చోటు లేదు. అలా అని రాసిపెట్టిన రూల్ కూడా ఏదీ లేదు. ఓనర్లంతా మాట్లాడుకోకుండానే పాటించారు, అంతే. దాంతో 1920లో రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు.

డాండ్రిడ్జ్‌కి పేరొచ్చింది న్యూఆర్క్ (న్యూయార్క్ కాదు, న్యూజెర్సీలోని ఊరు) ఈగిల్స్‌లో. థర్డ్ బేస్‌లో ఈయన, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌గా విల్లీ వెల్స్, సెకండ్ బేస్ డిక్ సే, ఫస్ట్ బేస్ మ్యూల్ సటిల్స్. ఈ నలుగురినీ కలిపి మిలియన్ డాలర్ ఇన్‌ఫీల్డ్ అనేవాళ్లు. తెల్లవాళ్లయి ఉంటే అంత ధర పలికేవాళ్లని దాని అర్థం. మెచ్చుకోలులోనే ఎంత ఎత్తిపొడుపు ఉందో చూడండి!

జీతం మాత్రం ఆ పేరుకి తగ్గట్టు లేదు. అందుకే మెక్సికో వెళ్లిపోయాడు. 1944లో ఒక సీజన్ న్యూఆర్క్‌కి తిరిగొచ్చాడు గానీ, 1940 నుంచి 1948 దాకా ఆయన ఆట ఎక్కువగా మెక్సికోలోనే. అక్కడ హోర్హే పస్కెల్ అనే కోటీశ్వరుడు మంచి డబ్బిచ్చాడు. డబ్బొక్కటే కాదు. తోటి ఆటగాడు వెల్స్ ఒక విలేకరితో సూటిగా అన్నాడు: మెక్సికోలో నేనొక మనిషిని.

1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో ఆడటంతో గోడకి బీట పడింది. ఆ రోజుల్లోనే మేజర్ లీగ్ టీమ్ క్లీవ్‌ల్యాండ్ నుంచి తనకీ కబురొచ్చిందని డాండ్రిడ్జ్ తర్వాత చెప్పాడు. సంతకానికి బోనస్ మాత్రం ఇవ్వలేమన్నారు, పస్కెల్ తనని బాగా చూసుకుంటున్నాడు, అందుకని వద్దన్నాడు. కుటుంబం ఉన్న మనిషి లెక్క అది. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు.

[స్క్రీన్ మీద: 1949, .362]

1949లో జెయింట్స్ తీసుకుని తమ కింది టీమ్ అయిన మిల్లర్స్‌కి పంపారు. వయసు తగ్గించి చెప్పాడు లెండి. ఆ ఏడాది బ్యాటింగ్ సగటు .362, అంటే వెయ్యి ప్రయత్నాలకి 362 హిట్లు. బేస్‌బాల్‌లో .300 దాటితేనే మొనగాడు కింద లెక్క. మరుసటి ఏడాది .311 కొట్టాడు, లీగ్ ఎంవీపీ అయ్యాడు, మిల్లర్స్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. 1951లో మేస్ వచ్చినప్పుడు ఆ కుర్రాడికి పెద్దదిక్కు ఈయనే. మేస్ 35 మ్యాచ్‌ల్లో .477 కొట్టి పైకి వెళ్లాడు.

మరి ఈయన్ని ఎందుకు పిలవలేదు? వయసన్నారు. మినియాపొలిస్‌లో ఈయన కోసమే జనం టికెట్లు కొనేవాళ్లని, అందుకే వదల్లేదని మరో మాట. ఒక్కో టీమ్‌లో ఇంతమంది నల్లవాళ్లు చాలనే పైకి చెప్పని కోటా ఉండేదని చాలామంది చరిత్రకారులు అంటారు. నన్నడిగితే, వయసు ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. సీజన్ చివర్లో ఒక్క వారం ఆడించడానికి వయసు అడ్డేంటి? డాండ్రిడ్జ్ కోరిక కూడా అంతే, ఒక్కసారి ఆ మైదానంలో కాలు పెట్టాలని.

1987లో, 73 ఏళ్ల వయసులో, బేస్‌బాల్ దిగ్గజాలకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు. 1994లో చనిపోయాడు.

2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ ఒక ప్రకటన చేసింది: 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగ్స్ కూడా మేజర్ లీగ్సేనని. అలా చనిపోయిన 26 ఏళ్లకి డాండ్రిడ్జ్ మేజర్ లీగ్ ఆటగాడయ్యాడు. అయితే లెక్కలోకి వచ్చింది డెట్రాయిట్, న్యూఆర్క్ లాంటి చోట్ల ఆడిన సీజన్లే. రికార్డు పుస్తకంలో ఆ కొద్ది మ్యాచ్‌ల అంకెలు చూసి ఈయన్ని అంచనా వేయకండి. మెక్సికోలో గడిచిన మంచి వయసు అందులో లేదు. మినియాపొలిస్ .362 లేదు, ఆ ఎంవీపీ కూడా లేదు.