పక్క సీటు ప్లేటు: విశాఖ స్టూడియో చర్చ

(2025 జులై. తిండిలో నూనె, చక్కెర ఎంతుందో చెప్పే బోర్డులు ఆఫీసుల్లో పెట్టాలన్న గొడవ మీద చర్చ. ముగ్గురికీ సమాన సమయం అని మొదట్లోనే ప్రకటించారు. మాటలు కలిసిపోయినచోట వినబడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఆఫీసుల్లో నూనె, చక్కెర బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ అనగానే సమోసాకు హెచ్చరిక లేబుల్ అని ఊరంతా గోల. బండి మీద అమ్మేవాటికి లేబుళ్ళేమీ లేవని వివరణ వచ్చింది. సరే, నా ప్రశ్న ఒక్కటే. జూన్ 21న మన బీచ్ రోడ్డులో లక్షల మంది యోగా చేశారు. నెల తిరిగేసరికి ఆ చాపలు ఏ అటక ఎక్కాయి? డాక్టర్ గారూ?

డాక్టర్: చాపల సంగతి తర్వాత చెప్తానండీ. ఆఫీసులో మన తిండి మీద బోర్డు కంటే పక్కవాళ్ళ ప్రభావం ఎక్కువ అనుకుంటాను. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఉద్యోగులు సుమారు 6,000 మంది క్యాంటీన్‌లో ఏం కొన్నారో రెండేళ్ళ లెక్కలు చూశారు. బిల్లు పడిన సమయాన్ని బట్టి ఎవరితో ఎవరు కలిసి వచ్చారో అంచనా వేశారు. 2021లో వచ్చిన ఫలితం...

కార్మిక నాయకుడు: బోస్టన్ బిల్లులు మనకెందుకు డాక్టరమ్మా? గాజువాక రండి. సి షిఫ్టు రాత్రి 10కి ఎక్కి పొద్దున్న 6కి దిగినోడికి గేటు బయట ఏటి దొరుకుద్ది? పూరీ, బజ్జీ. వాడికి స్నేహితుడు నేర్పాలా?

డాక్టర్: ఒక్క నిమిషం. కలిసి తినేవాళ్ళ ఎంపికలు ఒకలా ఉన్నాయి. మంచి తిండైనా, చెడ్డ తిండైనా. ఒకే రుచి ఉన్నవాళ్ళు జట్టు కట్టడం ఒక్కటే కారణం కాదని కూడా...

నాయకుడు: కారణం షిఫ్టు! రాసుకోండి.

యాంకర్: షిఫ్టు. మంచి పాయింట్. మరి యోగా?

ఐటీ ఉద్యోగిని: నేను చెప్పొచ్చా? మాది రుషికొండ వైపు ఆఫీసు. నాలుగింటికి ఒకాయన కుర్చీ వెనక్కి తోస్తాడు. ఆ చప్పుడుకే మరో అయిదుగురు లేస్తారు. కిందకెళ్ళేది టీకే, చేతిలోకొచ్చేది పునుగుల పొట్లం. ఒకరోజు కొర్రల ఉప్మా తీసుకెళ్తే "పిట్టల మేత తెచ్చావా?" అన్నారు. వారంపాటు అదే నా పేరు. రెండో వారం ఇద్దరు అమ్మాయిలు వాళ్ళ డబ్బాల్లో కూడా...

నాయకుడు: కొర్రల రేటెంతో చెప్పమ్మా! మా క్యాంటీన్‌లో కొర్రలు పెడతారా? యాజమాన్యం పెట్టాలి.

(ఇక్కడ కొర్రల ధర మీద రెండు నిమిషాలు నడిచింది. తేలలేదు.)

యాంకర్: వ్యాయామానికి వద్దాం. బీచ్‌లో యోగా...

ఉద్యోగిని: మాకు అడుగుల పోటీ పెట్టారండీ. మొదటి వారం అందరం మెట్లే ఎక్కాం. మూడో వారానికి ఒకాయన వాచీ కొడుక్కి కట్టి క్రికెట్‌కి పంపాడు. ఆయనే ఫస్టు!

(నవ్వులు)

డాక్టర్: అయినా మొదటి వారం అందరూ మెట్లెక్కారు కదా, నేననేది అదే. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చేయాలని డబ్ల్యూహెచ్ఓ చెబుతోంది. ఒక్కరే అయితే బద్ధకం, తోడుంటే...

నాయకుడు: మా వాళ్ళు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటారు!

డాక్టర్: అదీ నిజమే. 1953లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద అధ్యయనం వచ్చింది. కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. కానీ...

నాయకుడు: చూశారా! డాక్టరమ్మే ఒప్పుకుంది. పనే వ్యాయామం. షిఫ్టు సరిచేస్తే తిండి అదే సరవుద్ది.

డాక్టర్: నేను ఒప్పుకున్నది అది కాదండీ...

యాంకర్: సమయం లేదు. మొత్తానికి షిఫ్టులే కారణమని తేలింది.

డాక్టర్: ఏం తేలిందండీ? నా మాట ఒక్కటీ పూర్తవ్వలేదు.

యాంకర్: డాక్టర్ గారూ, ఒక్క ముక్కలో, యోగా చాప...

నాయకుడు: చాపలు కూడా యాజమాన్యమే ఇవ్వాలి! ఇంకొక్క మాట...

(సంగీతం. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.)