ఫోటో ఒక్కటే అమ్ముడుపోదు

అందరికీ నమస్కారం. స్టాక్ ఫోటోల గురించి, అంటే ఏజెన్సీల ద్వారా ఎవరైనా కొని వాడుకునేలా అమ్మకానికి పెట్టే ఫోటోల గురించి మాట్లాడమంటే చాలామంది ముందు అడిగేది ఏ కెమెరా కొనాలని. అందులో పెద్దగా చెప్పడానికేమీ లేదు. షటర్‌స్టాక్, అడోబీ స్టాక్ లాంటి ఏజెన్సీలు అడిగేది కనీసం 4 మెగాపిక్సెళ్ల జేపెగ్ ఫైలు. ఇప్పటి ఫోన్లు కూడా అంతకు మించే తీస్తున్నాయి. అసలు తలనొప్పంతా కాగితాల దగ్గర.

కొనేది ఎవరో ఆలోచించండి. ఒక ప్రకటన డిజైనరో, పుస్తకాలు వేసే పబ్లిషరో. ఫోటో అచ్చయ్యాక ఎవరో వచ్చి "నా బొమ్మ వాడుకోవడానికి మీరెవరు?" అని కేసు వేస్తే వాళ్ల పని అయిపోయినట్టే. ఆ టెన్షన్ ఉండదన్న ధీమా కోసమే వాళ్లు ఏజెన్సీకి డబ్బు కడతారు. కాబట్టి ఫోటోలో మనిషి గుర్తుపట్టేలా ఉంటే మోడల్ రిలీజ్ మీద, అంటే తన ఫోటో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని చెప్పే కాగితం మీద, ఆ మనిషి సంతకం కావాలి. పిల్లలైతే తల్లిదండ్రులో, సంరక్షకులో పెట్టాలి. "మా ఆవిడే కదండీ, సంతకం దేనికి?" అంటారు కొందరు. ఆవిడ చేత కూడా పెట్టించాల్సిందే! ఆ సంతకం ఫోటో తీసిన రోజే పెట్టించుకోండి, ఆర్నెల్ల తర్వాత ఆ మనిషిని ఎక్కడని వెతుకుతారు?

వస్తువులు, కట్టడాల సంగతీ అంతే. ఈఫిల్ టవర్‌ని పగలు తీసి అమ్ముకోవచ్చు. రాత్రి దీపాల అలంకరణకు మాత్రం కాపీరైట్ ఉంది. గోడ మీద పెయింటింగ్, చేతి మీద పచ్చబొట్టు, ల్యాప్‌టాప్ మూత మీద లోగో, ఇవన్నీ ఎవరో ఒకరి సొత్తే. లోగోనైతే చెరిపేయవచ్చు. పెయింటింగ్‌ని ఫ్రేములోకి రానివ్వకపోవడమే సుఖం.

రిలీజ్ దొరకని వీధి దృశ్యాలు, ఊరేగింపులు, ఆటల పోటీలు ఎడిటోరియల్ కింద పంపొచ్చు. వాటిని వార్తలకు, వ్యాసాలకు వాడతారు, ప్రకటనలకు పనికిరావు. క్యాప్షన్‌లో ఊరు, దేశం, తేదీ, జరిగిన విషయం ఉండాలి. ఇక్కడ లోగో చెరపడం లాంటి తెలివితేటలు చూపించకూడదు. ఎడిటోరియల్ నియమాలు అన్ని ఏజెన్సీల్లో ఒకేలా ఉండవు కాబట్టి పంపేముందు చదువుకోండి.

ఇక నాణ్యత. ఫోటోని నూరు శాతం సైజులో తెరిచి, మూల నుంచి మూలకు జరుపుతూ చూడండి. మామూలుగా చూస్తే మెరిసిపోయే ఆకాశంలో సెన్సర్ మీది దుమ్ము బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. కొమ్మల అంచున ఊదారంగు గీత ఉంటుంది. నీడల్ని మరీ ఎత్తితే అక్కడ రంగురంగుల గింజలు తేలతాయి. పరిశీలించేవాళ్లు పట్టుకునేవి ఇవే. రంగులు దట్టించినా మంచిది కాదు, కావాలంటే ఆ పని కొన్నవాళ్లే చేసుకుంటారు. ఒక పక్కన కాస్త ఖాళీ వదిలితే వాళ్లు అక్షరాలు వేసుకుంటారు. ఫోటోగ్రాఫర్లకు ఆ ఖాళీ నచ్చదు, డిజైనర్లు దానికోసమే వెతుకుతారు.

కీవర్డ్‌ల దగ్గర, అంటే కొనేవాళ్లు వెతికితే ఫోటో దొరికేలా దానికి తగిలించే పదాల దగ్గర, బద్ధకిస్తే చేసిన కష్టమంతా బూడిదలో పోసినట్టే. ఒక అమ్మమ్మ మనవడికి షూ లేసు కట్టడం నేర్పుతున్న ఫోటో ఉందనుకోండి. అమ్మమ్మ, మనవడు, షూ లేసు అన్నవి ఎవరైనా రాస్తారు. నేర్పడం, ఓపిక, రెండు తరాలు, బడికి తయారవడం కూడా రాయాలి, ఎందుకంటే కొనేవాడు వెతికేది ఆ భావాన్ని. షటర్‌స్టాక్‌లో 50, అడోబీలో 49 వరకు ఇవ్వొచ్చు. అడోబీలో మొదటి పదింటికి విలువ ఎక్కువ, ముఖ్యమైనవి ముందు పెట్టండి. చోటుంది కదా అని ఫోటోలో లేని సముద్రాన్ని, సూర్యాస్తమయాన్ని ఇరికించకండి.

డబ్బు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. అడోబీ ఫోటో అమ్మితే వచ్చిన దాంట్లో మనకి 33 శాతం ఇస్తుంది. షటర్‌స్టాక్‌లో 2020 నుంచి 15 మొదలు 40 శాతం దాకా మెట్లున్నాయి, ఏటా జనవరి 1న మళ్లీ కింది మెట్టుకి దించుతారు. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది. చందాదారులు డౌన్‌లోడ్ చేసుకునే ఫోటోకి ఒక్కోసారి సెంట్లే వస్తాయి. ఉద్యోగం మానేసి దిగే వ్యాపారం కాదిది. ఒకే ఫోటోని నాలుగు ఏజెన్సీలకు ఇవ్వొచ్చు, ఒక్క ఏజెన్సీకే ఇస్తామని ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం చేసుకుంటే మాత్రం కుదరదు.

ఏఐతో చేసిన బొమ్మల్ని అడోబీ తీసుకుంటుంది, కాకపోతే ఏఐతో చేశామని గుర్తు పెట్టాలి. గెట్టీ ఇమేజెస్ అనే మరో ఏజెన్సీ 2022లోనే వద్దంది.

రిలీజ్ ఫారం నమూనాలు ఆ బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటి తీసుకోండి, నింపేటప్పుడు వచ్చే అనుమానాలు ఇప్పుడే అడగండి.