ఓరుగల్లు పూటకూటింటి నుంచి నల్లి బొక్క దాకా: తెలంగాణ తిండిని రాసినవాళ్లు

(తెర మీద: హైదరాబాద్‌లో ఒక పెళ్లి విందు. పెద్ద పెనం మీద జొన్నరొట్టెలు కాలుతున్నాయి. పక్కనే సర్వపిండి కౌంటర్, దాని ముందు వరుస.)

వ్యాఖ్యాత: పదిహేనేళ్ల కింద హైదరాబాద్‌లో పెళ్లి భోజనానికి పోతే సర్వపిండి, అంటే బియ్యప్పిండితో గిన్నెకు ఒత్తి కాల్చే కారం రొట్టె, కనిపించేది కాదు. అది ఇంట్లో పొద్దున తినేది, సుట్టాల ముందు పెట్టేది కాదనుకునేవాళ్లు. ఇవాళ దానికి ప్రత్యేకంగా కౌంటర్ పెడుతున్నారు, జనం నిలబడి తింటున్నారు. బగారన్నం, తలకాయ కూర, పచ్చిపులుసు, మక్క గట్క అని బోర్డు మీద రాసుకున్న హోటళ్లకు గిరాకీ బాగానే ఉంది.

2014లో రాష్ట్రం వచ్చింది, దాంతోపాటు తిండికీ గుర్తింపు వచ్చింది అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అది నిజమే గానీ సగం నిజం. హోటళ్ల మెనూ కార్డుల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ నేల మీది తిండిని రాతలో పెట్టినవాళ్లున్నారు. వాళ్లు ఊరి మాటను, ఊరి ముద్దను కలిపి నిలబెట్టారు కాబట్టే ఇవాళ ఆ బోర్డులు గర్వంగా వెలుగుతున్నాయని నా నమ్మకం. ఈ వీడియో వాళ్ల గురించే.

(తెర మీద: ఓరుగల్లు కోట, కాకతీయ తోరణం. తర్వాత అరిటాకు మీద ఒక్కొక్కటిగా వడ్డన.)

వ్యాఖ్యాత: ముందు ఓరుగల్లుకు పోదాం. 'క్రీడాభిరామం' అని ఒక పాత కావ్యం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. ఇద్దరు స్నేహితులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరగడమే అందులో కథ. మధ్యాహ్నానికి ఆకలేస్తుంది. లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూటింట్లో, అంటే డబ్బులు తీసుకుని అన్నం పెట్టే ఇంట్లో, భోజనం ఎలా ఉంటుందో ఒక్క పద్యంలో చెప్పేస్తారు. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజులు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక.

వంటకాలు, వాటి నాణ్యం, వడ్డించే ఇల్లు, చివర్లో ధర. ఇప్పుడు ఫుడ్ రివ్యూ చేసేవాళ్లు చెప్పేది కూడా ఇంతే కదా. ఆ పెరుగు గడ్డలు గడ్డలుగా ఉందని కూడా కవి వదలకుండా చెప్పాడు. రాజుల కొలువులు, యుద్ధాలు వర్ణించిన కావ్యాలు మనకు చాలా ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చినవాడు డబ్బులిచ్చి ఏం తిన్నాడో రాసినవి చాలా తక్కువ.

(తెర మీద: జనగామ జిల్లా, బమ్మెర గ్రామం. పొలాలు, చెరువు గట్టు.)

వ్యాఖ్యాత: అక్కడికి దగ్గర్లోనే బమ్మెర ఉంది, పోతన ఊరు. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు, గోపబాలురు అడవిలో సద్దులు విప్పుకుని తినే ఘట్టం చదవండి. "మాటిమాటికి వ్రేలు మడిచి యూరించుచు" ఊరగాయలు తినేవాడు ఒకడు. పక్కవాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, "చూడు, ఏం లేదు" అని నోరు తెరిచి చూపించేవాడు ఇంకొకడు. పందెం కాసి ఐదారుగురి సద్ది ఒక్కడే కుక్కుకుని తినేవాడు మరొకడు. బడిలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచిన ప్రతి ఒక్కరికీ ఈ పిల్లలు తెలుసు. వ్యవసాయం చేసుకుంటూ బతికాడని చెప్పుకునే కవి, పొలం గట్టు మీద చూసిన సద్దినే దేవుడి చేతిలో పెట్టాడనిపిస్తుంది నాకు.

హైదరాబాద్‌కు వస్తే, 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా కవి. దక్కనీలో, అంటే ఇక్కడి పాత ఉర్దూలో రాశాడు. పండుగల మీద, వానాకాలం మీద రాసినట్టే పండ్ల మీద, కూరగాయల మీద కూడా కవిత్వం చెప్పాడు. ఆ భాషలో తెలుగు మాటలు కూడా దొర్లుతాయి. బిర్యానీ, హలీం గురించి మాట్లాడేటప్పుడు ఈ సుల్తాను పేరు తలుచుకోవాలి. ఈ నగరం తిండిని కవిత్వానికి తగిన వస్తువుగా మొట్టమొదటి నుంచే చూసింది.

(తెర మీద: పాత పత్రికల పుటలు. నెమ్మదిగా జరుగుతున్న అచ్చు అక్షరాలు.)

వ్యాఖ్యాత: ఇక సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, వాదన పెట్టుకోకుండా 350 మందికి పైగా కవుల్ని ఏరి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అదే పద్ధతిలో 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది.

రాజుల తేదీలు పక్కన పెట్టి, జనం ఏం కట్టారు, ఏం ఆడారు, ఏం తిన్నారు అని అడిగిన పుస్తకం అది. ఇందాక మనం చూసిన క్రీడాభిరామం లాంటి కావ్యాల్లోంచి పద్యం పద్యం వెతికి, అన్నం మెతుకులు ఏరినట్టు వివరాలు ఏరారు. కావ్యంలో అలంకారం కోసం వచ్చిన భోజన వర్ణన ఆయన చేతిలో సాక్ష్యమైంది. తిండి మీద రాయడం పనికిమాలిన పని కాదని పెద్దలకు ఒప్పించిన మనిషిగా నేను ఆయన్ని చూస్తాను.

ఆ తర్వాత పాకాల యశోదారెడ్డి. పాలమూరు బిడ్డ, బిజినేపల్లిలో పుట్టారు. 'మా ఊరి ముచ్చట్లు' కథల్ని తన ఊరి ఆడవాళ్లు మాట్లాడుకునే భాషలోనే రాశారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి, కావాలనుకుంటే గ్రాంథికం రాయగల మనిషి, వాకిట్లో కూచుని చెప్పుకునే మాటను పుస్తకంలోకి తెచ్చారు. గట్క, సల్ల, తొక్కు లాంటి మాటలు కథలో రాస్తే చదివేవాళ్లు నవ్వుతారేమోనన్న టెన్షన్ మన రాతల్లో తగ్గిందంటే ఆమె లాంటివాళ్ల పుణ్యమే.

(తెర మీద: బతుకమ్మ. గునుగు, తంగేడు పూలు. ఆడవాళ్ల చేతులు, పాట.)

వ్యాఖ్యాత: పేరు లేని రచయిత్రుల గురించి కూడా చెప్పాలి. బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు వరుసగా వినండి. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ. మొదటి రోజు, ఆరో రోజు తప్ప మిగతావన్నీ ఆ రోజు పెట్టే ఫలహారాల పేర్లే. అలిగిన నాడు అమ్మవారికి నైవేద్యమే ఉండదు. వేపకాయల నాడు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. చివరి రోజు పెరుగు, పులిహోర, కొబ్బరి, నువ్వుల సద్దులు, రొట్టె బెల్లం కలిపి ముద్ద చేసిన మలీద. క్యాలెండర్‌నే మెనూ చేసిన పండుగ ఇది. దీన్ని కట్టినవాళ్లెవరో ఎక్కడా రాసిలేదు, పాట మాత్రం నోటి నుంచి నోటికి వస్తూనే ఉంది.

(తెర మీద: దగ్గరి షాట్. తెల్లటి బట్ట మీద వేళ్లు సకినం చుడుతున్నాయి. కొంతసేపు మాటలు లేవు.)

వ్యాఖ్యాత: సంక్రాంతి సకినాలు ఇవి. దీని గురించి రాసేవాళ్లు చాలామంది "బియ్యప్పిండి, నువ్వులు, వాము" అని మూడు ముక్కల్లో ముగిస్తారు. పని మొత్తం వేళ్లలో ఉంది. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్లు వంచి, తడి మీదే పిండి పట్టించాలి. ముద్ద మరీ గట్టిగా ఉంటే చుట్టేటప్పుడు తెగుతుంది, జారుగా ఉంటే వరస నిలబడదు. చిటికెడు ముద్ద తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలి తిప్పుతూ బట్ట మీద మొదటి సుట్టు వేస్తారు. దాని చుట్టూ రెండోది, మూడోది, ఓపిక ఉంటే నాలుగోది. పిండిలోని తడిని కింది బట్ట లాగేసుకుంటుంది. కాసేపు ఆరనిచ్చి, పల్చటి పళ్లెం సాయంతో మెల్లగా ఎత్తి నూనెలోకి జార్చాలి. ఒక్కరితో తెమిలే పని కాదు, వాడకట్టు ఆడవాళ్లంతా పీటలేసుకుని కూచుంటారు. ఎవరి సుట్టు సన్నగా ఉంది, ఎవరిది వంకర పోయిందని అక్కడే తీర్పులు. కరీంనగర్, వరంగల్ ఇళ్లలో పిల్ల పెళ్లయ్యాక అత్తారింటికి పోయే సారెలో ఇవి ఉండాల్సిందే. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న కొడుకులకు కొరియర్ డబ్బాల్లో పోయేవీ ఇవే.

(తెర మీద: తాటివనం, పొద్దున. గౌడన్న మోకు బిగించుకుని చెట్టెక్కుతున్నాడు.)

వ్యాఖ్యాత: తాగే వాటి గురించి మాట్లాడాలంటే కల్లు దగ్గరే మొదలుపెట్టాలి. మోకు తాడు, నడుముకు పనిముట్ల ముస్తాదు కట్టుకుని గౌడన్న చెట్టెక్కుతాడు. గెల కొసను కత్తితో పల్చగా గీస్తాడు. లోతుగా తెగితే గెల పాడవుతుంది, పైపైన గీస్తే ధార రాదు. కింద లొట్టి, అంటే కల్లు కుండ కడతాడు. పొద్దున దింపినప్పుడు తీపి, ఎండెక్కే కొద్దీ పులుపు. తాటాకు రేకలో పోయించుకుని, పక్కన గుడాలో బోటి కూరో పెట్టుకుని కూచుంటే మనుషులు కష్టసుఖాలు మాట్లాడుకుంటారు. బోనాల్లో అమ్మవారి ముందు ధారగా పోసే శాకలోనూ కల్లు ఉంటుంది.

ఈ కల్లు పోతుంటే ఏడ్చినవాడూ కవే. గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటలో ఊరి చేతివృత్తులు ఒక్కొక్కటే కూలడంతో పాటు, సీసా బీరు, కూల్ డ్రింకులు ఊళ్లోకి వచ్చిన సంగతి కూడా ఉంది. ప్రపంచీకరణ గురించి ఎన్ని వ్యాసాలు రాసినా ఎక్కనిది ఆ ఒక్క పాటతో జనానికి ఎక్కింది.

2004లో హైదరాబాద్‌లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ మొదలైంది. నీరా అంటే పులియకముందే దించి చల్లగా ఉంచిన తీపి నీరు. అయితే పండుగలా మాట్లాడుతూ కల్తీని దాచడం నాకిష్టం లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, మత్తుమందు కలిపిన నీళ్లు వేరు. ఈ తేడా గట్టిగా రాయాల్సింది కూడా కల్లును ప్రేమించేవాళ్లే.

(తెర మీద: పాత వార్తా చిత్రాలు. రోడ్ల మీద పొయ్యిలు, గంజులు, వరుసగా కూచుని తింటున్న జనం.)

వ్యాఖ్యాత: 2011 జూన్ 19. తెలంగాణ ఉద్యమంలో 'వంటా వార్పు'. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కలిసి తిన్నారు. ధూంధాం అనే ఉద్యమ ఆటపాటల సభల్లో పాట ఎంత పని చేసిందో, ఆ పొయ్యి కూడా అంత పని చేసింది. మన భాష మనది అన్నట్టే మన కూడు మనది అని బయటికి అనేశారు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి గాను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. హైదరాబాదీ హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు కందిపప్పుకు 2022లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చాయి. హలీంకూ కందిపప్పుకూ మధ్య ఉన్న ఆ పన్నెండేళ్లు చూడండి. నగరం ముందు నడిచింది, జిల్లాలు తర్వాత అందుకున్నాయి.

(తెర మీద: జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు.)

వ్యాఖ్యాత: అక్షరం రాకుండా కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా పాత పంటల జాతర చేస్తాయి. కొర్రలు, సామలు, సజ్జలు, పచ్చజొన్నల విత్తనాలు బండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. వాళ్లలో చాలామంది దళిత మహిళా రైతులు, బడికి పోనివాళ్లు. వాళ్లే కెమెరాలు పట్టి తమ పంటల మీద వీడియోలు తీశారు. 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి అంబలి గురించి, రొట్టె గురించి తమ గొంతుతో చెప్పారు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి వీళ్లు ఆ పని మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయింది.

ఆ దారిలోనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ చానెల్ గంగవ్వ వచ్చింది. 2023లో 'బలగం' సినిమాలో ఒక కుటుంబాన్ని ఇరవై ఏళ్లు విడదీసింది ఆస్తి కాదు, విందులో బావకు పడని నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక. మా దిక్కు థియేటర్లో జనం దానికి నవ్వలేదు, తలలూపారు. మటన్ ముక్కలో మర్యాద ఎంతుంటుందో తెలిసినవాళ్లు రాసిన సీను అది.

(తెర మీద: వ్యాఖ్యాత నేరుగా కెమెరా వైపు.)

వ్యాఖ్యాత: రాయనివి ఇంకా చాలా ఉన్నాయి. దళితవాడల పొయ్యి మీది వంట మన వంటల పుస్తకాల్లో దాదాపు కనిపించదు. అది రాయకుండా 'తెలంగాణ రుచులు' అని పేరు పెట్టడం అన్యాయం. ఉట్నూరు వైపు గోండు, కొలాం ఇళ్లలో ఇప్పపువ్వు ఎండబెట్టి ఏడాదంతా వాడుకునే తీరు, ఇప్పుడు అక్కడి మహిళలు చేస్తున్న ఇప్పపువ్వు లడ్డూ, ఇవన్నీ వాళ్ల నోటితోనే రావాలి.

మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి. కొలతలు గ్లాసుల్లో, చెంచాల్లో కాకుండా ఆమె చెప్పినట్టే పిడికెడు, దోసెడు అనే రాసుకోండి. ఏ గంజులో వండేది, ఏ నెలలో వండేది, ఎవరికి ముందు పెట్టేవాళ్లు, ఎవరికి పెట్టేవాళ్లు కాదు, అన్నీ అడగండి. వచ్చే వీడియోలో ఆదిలాబాద్ పోతున్నాం, ఇప్పపువ్వు రాలే కాలానికి.